ఇసుకదిబ్బా, మా వదిన నోరూ

మంగళవారం

నిఘంటువు ఆఫీసులో "ప" అక్షరం చూసుకునే వారికి,

గొడుగులు బాగుచేసే ఆవిడ నమస్కారం పెట్టి రాస్తున్న ఉత్తరం. మేమిక్కడ క్షేమం. మీరక్కడ క్షేమమనే తలుస్తాను. రోజంతా మాటల మధ్య కూర్చునేవాళ్ళకి ఏం రోగం వస్తుంది కనుక.

నేనెవరో మీకు తెలీదు కాబట్టి ముందు ఆ ముక్క చెబుతాను. సముద్రం ఒడ్డున ఒక వీధి ఉంది. పదకొండు ఇళ్ళు. చిట్టచివరిది మాది. ముందు గదిలో గొడుగుల కొట్టు, వెనక రెండు గదుల్లో కాపురం. మా ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. ఇప్పుడు ఇంట్లో నేనూ, ఆయన అక్కగారూ ఉంటాం. నాకు వదిన. ఆవిడ సంగతి రాయాలంటే ఈ కాగితం చాలదు, ఇంకు అంతకన్నా చాలదు.

మా వీధి వెనక వీధి పొడుగునా ఒక ఇసుకదిబ్బ ఉంది. రెండు నిలువుల ఎత్తు. పైన ఆకుపచ్చ తీగలు అల్లుకుని ఉంటాయి. అవతల సముద్రం. తుఫాను వస్తే గాలీ నీళ్ళూ వచ్చి దాన్ని తన్ని, తమ కాలే నొప్పెట్టి, వెనక్కి పోతాయి. ఇవతల మా కొట్లో కూర్చుంటే సముద్రం పక్కింట్లో ఎవరో ముచ్చట్లు చెప్పుకుంటున్నట్టు వినపడుతుంది. నేను కాపురానికి వచ్చినప్పుడు అది మోకాలెత్తు ఉండేది. ఎవరూ పెట్టలేదు, దానంతటదే పెరిగింది.

ఇప్పుడు పనుల శాఖ ఇంజనీరుగారు దాన్ని చదును చేసి రోడ్డు వేస్తారట. అయ్యా, అది పోతే మా పదకొండు ఇళ్ళూ మొదటి తుఫానుకే పోతాయని చెప్పుకున్నాను. ఆయన తన రిజిస్టరు తెరిచారు. కాపుదల కట్టడాలన్నీ అందులో రాసి ఉంటాయట. ఎవరు కట్టారు, ఎప్పుడు కట్టారు, దేనితో కట్టారు అని మూడు గళ్ళు. మా దిబ్బకి మూడూ ఖాళీ. "ఎవరూ కట్టనిది కాపుదల ఎలా అవుతుందమ్మా? అది వట్టి ఇసుకపోగు. కాదంటే అచ్చులో ఎక్కడైనా చూపించండి, ఆపేస్తాను" అన్నారు.

అచ్చులో చూపించమన్నారు కదా అని నేను చదువుల గదికి వెళ్ళి మూడు రోజులు వెతికాను. చివరికి మీ నిఘంటువులో దొరికింది. "పెట్టనికోట: ఎవరూ కట్టకుండానే కోటలా కాపాడేది. ఉదా: వీధి వెనక ఇసుకదిబ్బ ఆ ఇళ్ళకు పెట్టనికోట." చదివి అక్కడే కూర్చుని ఏడ్చాను. ఆ గది చూసుకునే ఆయన పుస్తకం తడుస్తుందని నా చేతిలోంచి లాక్కున్నాడు.

ఆ దిబ్బ ఈ దిబ్బేనని ఒక్క వాక్యం రాసి, ముద్ర వేసి పంపండి. వచ్చే నెల ఇరవయ్యో తారీకున తవ్వుతారట.

ఇట్లు
చివరింటి గొడుగులావిడ

తా.క.: అదే పుస్తకంలో "వదిన" అన్న మాటకి అర్థం కూడా చూశాను. ఒక్క వరుసలో సరిపెట్టారు. మీకు వదినలు లేరనుకుంటాను.


సోమవారం

గొడుగులమ్మగారికి,

"ప" గుమస్తా వినయంగా రాసుకుంటున్నది. తమ ఉత్తరం చేరింది. మా గదికి ఉత్తరం వచ్చి రెండేళ్ళు దాటింది కాబట్టి మేమంతా వంతులవారీగా పట్టుకుని చూశాము.

మాది నాలుగో అంతస్తు. ఒకే కిటికీ. మధ్యాహ్నం రెండింటికి ఎండ లోపలికి వచ్చి, సొరుగుల మీద కాసేపు నడుం వాల్చి, నాలుగింటికి వెళ్ళిపోతుంది. నేను పదకొండేళ్ళుగా "పె" దగ్గర ఉన్నాను. "పెదవి" దాటడానికే రెండేళ్ళు పట్టింది. తొందరపడితే మాటలు బెదిరిపోతాయని మా పెద్దాయన అంటారు.

తమరు అడిగిన ముద్ర గురించి. ఆ వాక్యం మా పుస్తకంలో ఉన్నదని ముద్ర వేయగలను. ఆ దిబ్బ ఈ దిబ్బేనని వేయాలంటే ఎవరో ఎప్పుడో ఆ వాక్యం రాసి పంపిన అసలు చీటీ దొరకాలి. మేము ఉదాహరణలు సొంతంగా అల్లము. ఎవరైనా ఉత్తరంలో నిజంగా రాసిన వాక్యాన్నే చీటీ మీదికి ఎక్కిస్తాం, లేదా పంపిన చీటీనే దాస్తాం. చిక్కల్లా ఏమిటంటే, మా మొదటి పెద్దాయన చీటీలను అక్షరక్రమంలో పెట్టలేదు. వచ్చిన ఋతువును బట్టి పెట్టారు. మాట వచ్చిన వాతావరణం ముఖ్యమన్నది ఆయన నమ్మకం. తుఫాను ఆపే దిబ్బ మాట వానాకాలంలోనే వచ్చి ఉంటుంది, ఆ సొరుగులే నూట నలభై ఉన్నాయి. రోజుకొకటి చొప్పున చూస్తాను.

ఈలోగా ఒక మనవి. పెట్టనికోట అన్న మాటకు మా దగ్గర వాచ్యార్థానికే ఉదాహరణ ఉంది. అంటే నిజంగా కంటికి కనపడే కోట లాంటిది. కొండ, ఏరు, అడవి, తమ దిబ్బ. మనిషినో, గుణాన్నో అలా అనడం లక్ష్యార్థం. దానికి బతికున్న మనిషి వాడిన వాక్యం ఒక్కటీ లేదు. తమ ఇంట్లో అలా ఎప్పుడైనా అనుకుంటారా? అనుకుంటే ఒక వాక్యం దయచేయండి.

విధేయుడు
ప గుమస్తా

తా.క.: సముద్రం అనే మాట మా "స" గుమస్తాగారి కిందికి వస్తుంది. అది నిజంగా ముచ్చట్లు చెప్పుకుంటున్నట్టు వినపడుతుందా అని అడిగాను. ఆయన కూడా చూడలేదట. అర్థం మాత్రం చాలా బాగా రాశారు.


శుక్రవారం

ప గుమస్తాగారికి,

గొడుగులావిడ రాసేది. బాబూ, ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. నేను దిబ్బ పోతోందని రాస్తే మీరు వాక్యం పెట్టమంటారా!

రోజుకొక సొరుగన్నారు. నూట నలభై రోజులు. నాకున్నవి ముప్ఫై ఒకటి. మీరే వేళ్ళు మడిచి చూసుకోండి. ఎండ నడుం వాలిస్తే వాల్చనివ్వండి, మీరు మాత్రం వాల్చకండి.

ఆరేళ్ళ కిందటి తుఫాను చెబుతాను, అప్పుడైనా మీకు కాలు కదులుతుందేమో. పొద్దున్నే మొదలై సాయంత్రం దాకా కొట్టింది. వీధిలో పదకొండు ఇళ్ళవాళ్ళమూ మా కొట్లోనే కూర్చున్నాం, ఎందుకంటే దిబ్బ మా వెనకే అన్నిటికన్నా ఎత్తు. పిల్లలకి భయం వేయకుండా బాగుచేసిన గొడుగులన్నీ గదిలో తెరిచి పెట్టాను. రంగురంగుల కప్పుల కింద వాళ్ళు నిద్రపోయారు. తెల్లారి లేచి చూస్తే దిబ్బ అవతలి వైపు సగం లేదు. ఇవతలి వైపు ఒక్క తీగ చెదరలేదు. మళ్ళీ ఏడాదికి నిండిపోయింది. ఇలాంటి దాన్ని పట్టుకుని ఇసుకపోగు అంటే నాకు కడుపు మండదా?

సరే, అడిగారు కాబట్టి వాక్యం. రాసుకోండి: "మా వదిన నోరు మా ఇంటికి పెట్టనికోట." మధ్యాహ్నం ఒక దొంగ మా పెరటి గోడ దూకాడు. ఆవిడ మంచం మీంచి లేవలేదు. పడుకునే అందుకుంది. వాడి తాత ముత్తాతల దగ్గర మొదలుపెట్టి వాడికి పుట్టబోయే మనవల దాకా వచ్చింది. వాడు మా ఇంట్లో ఏమీ ముట్టుకోలేదు సరికదా, పక్కింట్లో ఎత్తుకొచ్చిన గోడగడియారం కూడా మా అరుగు మీద పెట్టి పోయాడు. లక్ష్యార్థం అంటే ఇదేనా? ఇంకా కావాలంటే రోజుకు పది పంపగలను.

నవ్వులాట అలా ఉంచి, సొరుగులు వెతకండి నాయనా.

ఇట్లు
గొడుగులావిడ

తా.క.: మొదటి ఉత్తరానికి జవాబు వచ్చిందని వదినతో చెప్పాను. "నీకు జవాబు రాశాడంటే వాడికి పనిలేదన్నమాట" అంది. ఎంత ఖచ్చితంగా చెప్పిందో చూడండి.


గురువారం

పరమ గౌరవనీయులైన గొడుగులమ్మగారికి,

ప గుమస్తా ఆనందంతో రాసుకుంటున్నది. నిలబడే రాస్తున్నాను కాబట్టి అక్షరాలు వంకరగా ఉంటే మన్నించండి.

తమ వదినగారి వాక్యాన్ని మా పెద్దాయనకు చదివి వినిపించాను. ఆయన కళ్ళద్దాలు తీశారు. మళ్ళీ చదవమన్నారు. గోడగడియారం దగ్గరికి వచ్చేసరికి నవ్వారు. ఆయన నవ్వగలరని మాకెవరికీ తెలీదు. "స" గుమస్తాగారు వెళ్ళి మంచినీళ్ళు తెచ్చారు. తరువాత పెద్దాయన స్వయంగా లేచి, ఏళ్ళ తరబడి బిగుసుకుపోయిన కిటికీ రెక్కను తెరిచారు. గాలికి కొన్ని చీటీలు లేచి గదంతా తిరిగాయి. మేము వాటిని పట్టుకోలేదు. వాటంతటవే దిగేదాకా తలలెత్తి చూస్తూ కూర్చున్నాం.

శుభవార్త ఇప్పుడు చెబుతాను. మా కొత్త ముద్రణ సంక్షిప్త ముద్రణ. మాటకు ఒక్క ఉదాహరణే ఉండాలి. కొత్త వాక్యం వస్తే పాతది తప్పుకోవాలి. అందుచేత ఇసుకదిబ్బను తీసివేసి ఆ చోట తమ వదినగారి నోటిని పెట్టాము. చీటీ అచ్చు పెట్టెలో వేశాం. వేసినది వెనక్కి రాదు. "పె" పేజీలు ఈ వారమే అచ్చై ఆఫీసులన్నిటికీ వెళ్ళిపోతున్నాయి. పదకొండేళ్ళలో ఇంత వేగంగా మేము ఏ పనీ చేయలేదు. ఇదంతా తమ ముప్ఫై ఒక్క రోజుల తొందరను గౌరవించే చేశామని మనవి.

తమకూ తమ వదినగారికీ మా గది తరఫున అభినందనలు.

విధేయుడు
ప గుమస్తా

తా.క.: వానాకాలం సొరుగులు పన్నెండు చూశాను. తమ దిబ్బ ఇంకా దొరకలేదు. ఇక తొందరేమీ లేదు గనుక నెమ్మదిగా చూస్తాను.


ఆదివారం

ఓ గుమస్తా మహానుభావా,

నమస్కారం కూడా పెట్టబుద్ధి కావడం లేదు. పెడుతున్నాను, మా అమ్మ నేర్పిన అలవాటు.

ఎంత పని చేశారయ్యా! ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ మీ చేత్తో మీరే చెరిపేశారు. చెరిపింది చాలక అభినందనలా? కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని, అది మీలాంటి వాళ్ళని చూసే పుట్టి ఉంటుంది.

జరిగింది వినండి. మీ ఉత్తరం వచ్చినప్పుడు నేను పక్క వీధిలో ఉన్నాను. వదిన అందుకుని చింపి చదివేసింది. తన నోటి గురించి ఊరూ పేరూ లేని గుమస్తాకి రాశానని తెలిస్తే నన్ను ఆ కవర్లోనే పెట్టి మీకు పంపేస్తుందనుకున్నాను. ఏమంటుందో తెలుసా? "నిఘంటువులో వేస్తున్నారటే? ఎన్నో పేజీ?" అంది! అప్పటినుంచీ ఆవిడ కాళ్ళు నేల మీద లేవు. పదకొండు ఇళ్ళకీ వెళ్ళి చదివి వినిపించింది. ఎవరితోనైనా పోట్లాడేముందు "నేను పుస్తకంలో ఉన్న మనిషిని" అని మొదలుపెడుతోంది.

అసలు కథ తరువాత ఉంది. మీ కొత్త పేజీలు ఇంజనీరుగారికీ చేరాయి. ఆయన తాజా ముద్రణ తప్ప చూడరట. దిబ్బ లేదు, వదిన ఉంది. అచ్చులో ఉన్నదాన్ని కాదనడం ఆయనకి చేతకాదు. నిన్న ఒక కొలతల మనిషిని టేపు ఇచ్చి పంపారు. వదిన తన బొమ్మ కూడా వేస్తారనుకుని, జడ వేసుకుని, గోడకి ఆనుకుని నిటారుగా నిలబడింది. వాడు కొలిచి రిజిస్టరులో ఎక్కించాడు. నేను కళ్ళారా చూశాను. కాపుదల: వదిన. ఎత్తు: అయిదడుగుల రెండంగుళాలు. ఎవరు కట్టారు అన్న గడి దగ్గర ఆగి ఆలోచించి, "తల్లిదండ్రులు" అని రాశాడు. దేనితో కట్టారు అని అడిగితే వదిన "వాళ్ళకే తెలియాలి" అంది. అదీ రాసుకున్నాడు.

దాంతో ఏమైందంటే, మా వీధికి రిజిస్టరు ప్రకారం ఒక కాపుదల ఉన్నట్టే కదా, ఇక దిబ్బ అనవసరం అని తవ్వే రోజు ముందుకి జరిపారు. ఇరవయ్యో తారీకు కాదు. వచ్చే బుధవారం. ఈ బుధవారం కాక పై బుధవారం. పది రోజులు.

గుమస్తాగారూ, వేళాకోళం కాదు. నాకు నిజంగా భయంగా ఉంది. మళ్ళీ అలాంటి తుఫాను వస్తే పదకొండు ఇళ్ళ ముందు మా వదిన ఒక్కతే నిలబడి ఉంటుంది. ఆవిడ నిలబడుతుంది కూడా, అదే నా భయం. ఆ వాక్యం వెనక్కి తీసుకోండి. మీ పెద్దాయన కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను.

ఇట్లు
గొడుగులావిడ

తా.క.: వదిన ఇప్పుడే తొంగిచూసి, పుస్తకంలో "నోరు" పక్కన "మంచి" అన్న మాట పడుతుందేమో కనుక్కోమంది.


గురువారం

గొడుగులమ్మగారికి,

ప గుమస్తా తల దించుకుని రాసుకుంటున్నది.

తమ ఉత్తరం మూడుసార్లు చదివాను. మాటకు రెండు అర్థాలుంటాయని పదకొండేళ్ళు రాశాను గాని, ఒకటో అర్థం కింద మనుషులు కాపురం ఉంటారని నాకు ఇంతవరకూ తట్టలేదు. నేను చేసింది తప్పు. ఇలా ఒప్పుకునే వీలు మా ఆఫీసు నిబంధనల్లో లేదు. అయినా ఒప్పుకుంటున్నాను.

వెనక్కి తీసుకోవడానికి ఒకటే దారి ఉంది. ఉదాహరణ అబద్ధమని తేలాలి. అంటే తమ వదినగారి నోరు తమ ఇంటిని ఎన్నడూ కాపాడలేదని ఇద్దరు సాక్షులు రాసివ్వాలి. తమ వీధిలో అందుకు ఎవరూ ముందుకు రారని నాకు తెలుసు. ఇంజనీరుగారికి కూడా రాశాను, నిఘంటువులో వదిన నిజం వదిన కాదని. ఆయన వెంటనే జవాబు రాశారు: "అలాగైతే మేము కొలిచినది ఎవరిని?"

తమ ఉత్తరం వచ్చిన నాటినుంచి నేను రోజుకొక సొరుగు చూడడం మానేశాను. అందరం కలిసి చూశాం. పెద్దాయన నేల మీద కూర్చుని చూశారు. "స" గుమస్తాగారు తన సముద్రం వదిలేసి వచ్చారు. నిన్న మధ్యాహ్నం భోజనాల వేళ నాకు కునుకు పట్టింది. సొరుగులన్నీ తెరుచుకుని, వాటిలోంచి ఇసుక మెల్లగా కారుతూ గది సగం నిండినట్టు కనపడింది. నేను దానిమీద కూర్చున్నాను. చాలా హాయిగా ఉంది, భయం లేదు. మెలకువ వచ్చేసరికి పెద్దాయన నా ఎదుట నిలబడి ఉన్నారు. చేతిలో చీటీ.

నూట పదో సొరుగులో దొరికింది. పాతికేళ్ళ నాటిది. వాక్యం అదే. కింద మీ వీధి పేరు ఉంది, "చివరింటి వెనక" అని కూడా ఉంది. కాబట్టి అది మీ దిబ్బే. పంపినవారి పేరు రాయాల్సిన చోట మాత్రం "అక్కర్లేదు" అని రాసి ఉంది. ఎవరో వినయవంతులు.

అసలు చీటీ గది దాటి బయటికి పోకూడదు. అది మా మొదటి నిబంధన. ఈ కవర్లో పెట్టి పంపుతున్నాను. మా పెద్దాయన చూసి కూడా కిటికీ వైపు తిరిగారు. ఇంజనీరుగారికి చూపించండి.

విధేయుడు
ప గుమస్తా

తా.క.: చీటీ దులిపితే నాలుగు ఇసుక రేణువులు రాలాయి. మూడు పంపుతున్నాను. ఒకటి ఉంచుకున్నాను, మన్నించండి.


శనివారం

ప గుమస్తాగారికి,

చివరింటి గొడుగులావిడ చేతులు జోడించి రాసేది. ఈసారి మనస్ఫూర్తిగానే జోడించాను.

మీ కవరు సరిగ్గా బుధవారం పొద్దున్నే వచ్చింది, తవ్వే యంత్రంతో పాటు. యంత్రం వీధిలోకి వస్తుంటే మా అరల్లో గొడుగులన్నీ గడగడలాడాయి. నేను చీటీ పట్టుకుని పరుగెత్తాను. పదకొండు ఇళ్ళవాళ్ళూ నా వెనక. ఇంజనీరుగారు రిజిస్టరు చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నారు. చీటీ తీసుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, "పంపినవారి పేరు లేదు కదమ్మా. పేరు లేని కాగితం చెల్లదు" అన్నారు. అక్కడే ఇసుకలో కూలబడ్డాను.

అప్పుడు మా వదిన గుంపులోంచి వచ్చింది. చీటీ ఆయన చేతిలోంచి లాగి చూసింది. చాలాసేపు చూసింది. పంపినవారి పేరు ఉండాల్సిన చోట వేలు పెట్టింది.

"ఈ అక్కర్లేదు అని రాసింది నేనే" అంది.

నేను తలెత్తి చూశాను. ముప్ఫై నాలుగేళ్ళుగా ఆవిడని నేనేం అడిగినా చెప్పే జవాబు అదే. మంచినీళ్ళు కావాలా వదినా? అక్కర్లేదు. ఒంట్లో ఎలా ఉంది? అక్కర్లేదు. అయినా నాకు ఆ చీటీ చూడగానే తట్టలేదు చూడండి.

"వాక్యం కూడా నేనే రాసి పంపాను. శుద్ధ అబద్ధం రాశాను. ఇది పెట్టనికోటా లేదు, గిట్టనికోటా లేదు. దీన్ని నేను పెట్టాను" అంది.

ఇంజనీరుగారు నవ్వబోయారు. వదిన మొహం చూసి మానుకున్నారు. ఆవిడ దిబ్బ మొదట్లో మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో తవ్వింది. మూరెడు లోతున తుప్పుపట్టిన గొడుగు ఊచలు బయటపడ్డాయి. ఒకటీ రెండూ కాదు, వరసగా, నాటినట్టు, మధ్య మధ్య పాత గొడుగు గుడ్డ కట్టి ఉంది. ఇంకాస్త పక్కన తవ్వింది. అక్కడా అంతే. గాలికి కొట్టుకొచ్చే ఇసుక ఊచల దగ్గర ఆగుతుందట. అవి మునిగిపోగానే వాటిపైన మళ్ళీ ఒక వరస. నిలిచిన ఇసుక మీద తీగలు నాటడం. మా ఆయన కొట్లో పారేసిన ఊచలన్నీ అక్కడే ఉన్నాయి. రోజూ మధ్యాహ్నం చెత్త పారేసి వస్తానని గోనె పట్టుకుని ఆవిడ బయటికి పోయేది. నా వంట తినలేక పోతోందని నేను తొమ్మిదేళ్ళు బాధపడ్డాను.

"మావాడికి తెలుసు. ఎవరికీ చెప్పకురా అన్నాను. చెప్పకుండానే పోయాడు" అంది. వెంటనే యంత్రం నడిపేవాడి వైపు తిరిగి వాణ్ణి తిట్టింది.

ఇంజనీరుగారు టోపీ తీశారు. ఇసుకలోనే కూర్చుని రిజిస్టరు తెరిచి, వదిన పేరున ఉన్న వరసని అడ్డంగా కొట్టేసి, కింద కొత్త వరస రాశారు. ఎవరు కట్టారు: చివరింటి వదిన. ఎప్పుడు: ముప్ఫై నాలుగేళ్ళ కిందట మొదలుపెట్టి తొమ్మిదేళ్ళు. దేనితో: విరిగిన గొడుగులతో. మూడు గళ్ళూ నిండాయి. యంత్రం వెనక్కి తిరిగిపోయింది. దిబ్బ ఉంది గుమస్తాగారూ. ఇక ఎవరూ ముట్టుకోలేరు.

మేమందరం అది పెట్టనిదని నిరూపించడానికి ఊరంతా తిరిగాం. పెట్టిన మనిషి నా పక్కనే కూర్చుని మీ ఉత్తరాలు చదువుతోంది. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు వదినా అంటే, "పెట్టానని చెప్పుకుంటే ఎవరో ఒకరు వచ్చి వంకలు పెడతారు. పెట్టలేదంటే దేవుడి జోలికి ఎవరు పోతారు" అంది. అసలు ఎందుకు పెట్టావు అని అడిగాను. "అక్కర్లేదు" అని లోపలికి పోయింది.

ఒక చివరి కోరిక. దిబ్బ వాక్యం మీరు తీసేసినందుకు మిమ్మల్ని నానా మాటలూ అన్నాను. తీసెయ్యడమే సరైనది, అది అబద్ధం కాబట్టి. కాని మీరు వేసిన వాక్యం కూడా తప్పే. అందులోంచి ఆ "నోరు" తీసేయండి. "మా వదిన మా ఇంటికి పెట్టనికోట" అని ఉంచండి. మీ అచ్చు పెట్టె తాళం తీయించి అయినా సరే మార్చండి.

మీరూ, మీ పెద్దాయనా, "స" గారూ ఒకసారి రండి. సముద్రం చూపిస్తాను.

ఇట్లు
మా వదిన మరదలు

తా.క.: ఇది మా మరదలి రాత కాదు, వదిన రాత అని నువ్వే పోల్చుకో గుమస్తా. మా మరదలు నాకు చూపించకుండా కవరు మూసింది. ఆవిరి మీద పెట్టి తెరిచాను. నోరు తియ్యడానికి వీల్లేదు. ఊళ్ళో అందరికీ చెప్పుకున్నాను. దిబ్బ ఎందుకు పెట్టానో దానికి చెప్పలేదు, నీకు చెబుతున్నాను, నువ్వు దూరంగా ఉంటావు కాబట్టి. ఆ పిల్ల మెట్ట ఊరినుంచి వచ్చింది. సముద్రం హోరు ఎన్నడూ విని ఎరగదు. కొత్తలో పట్టపగలే చెవులు రెండూ మూసుకుని గోడ మూల కూర్చునేది, అన్నం సహించేది కాదు. భయపడకే, నేనున్నాను అనాలని నాకూ ఉండేది. నోరు తెరిస్తే తిట్లే వచ్చేవి. నాకు చేతనైంది చేశాను. ఈ ముక్క దానికి తెలియనక్కర్లేదు. కవరు మళ్ళీ నేనే అంటిస్తున్నాను.